పద్దుకెక్కని అప్పు

ఉద్దేశం

పురపాలక ఎన్నికలలో అభ్యర్థులకు ధనసహాయం చేసే దాతల పాత్రను, ఆ సహాయం పాలకమండలి నిర్ణయాలపై చూపే ప్రభావాన్ని తెలియజేయడం, ప్రజల ఆస్తి పట్ల పౌరులకు ఉండవలసిన జాగరూకతను పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

నెల్లూరుకు వాయవ్యంగా, వరిపొలాల నడుమ ఉన్న పట్టణం బుచ్చిరెడ్డిపాలెం. రాజనీతిజ్ఞుడు, సాహితీవేత్త అయిన బెజవాడ గోపాలరెడ్డి 1907లో జన్మించినది ఇక్కడే. 1937లో రాజాజీ మదరాసులో మంత్రివర్గం ఏర్పరచినప్పుడు, ముప్పయ్యేళ్ల వయస్సులో ఆయన స్థానిక పరిపాలన శాఖను నిర్వహించారు. ఊరి పనులను ఊరివారే చక్కబెట్టుకోవాలన్న ఆశయంతో ముడిపడిన శాఖ అది. ఆయన పుట్టిన ఊరు చాలాకాలం గ్రామపంచాయతీగా ఉండి, 2020లో నగర పంచాయతీ అయినది. 20 వార్డుల ఈ నగర పంచాయతీ తొలి పాలకమండలి కోసం 2021 నవంబరు 15న పోలింగు జరిగినది.

పంచాయతీ నగర పంచాయతీగా మారితే మారేది పేరు మాత్రమే కాదు. పొలాలు ఇండ్ల స్థలాలవుతాయి. రోడ్లకు, మురుగు కాలువలకు టెండర్లు పిలుస్తారు. దుకాణాల గదులకు, సంత ఆశీలుకు వేలం వేస్తారు. ఇండ్లకు పన్ను విధిస్తారు. వీటిలో ప్రతిదీ ఎవరో ఒకరికి లాభమో నష్టమో కలిగించేదే. ఎన్నికైన సభ్యులు 20 మంది ఉన్న సభలో 11 మంది ఒక్కమాట మీద నిలిస్తే చాలు, తీర్మానం నెగ్గే అవకాశం ఎక్కువ. కనుక చిన్న పట్టణాలలో పలుకుబడిని కోరేవాడు మెప్పించవలసినవారు కొద్దిమందే.

ఏ ఊరికైనా వర్తించే ఒక ఉదాహరణను ఊహించుకుందాం. వార్డు సభ్యత్వానికి ఒక ఉపాధ్యాయుని కుమారుడు పోటీ చేస్తున్నాడు. మంచివాడు, చేతిలో డబ్బు లేదు. కరపత్రాలు, ఫ్లెక్సీలు, మైకు కట్టిన ఆటోలు, కార్యకర్తల భోజనాలు అన్నీ ఖర్చులే. ఇండ్ల స్థలాల వ్యాపారి ఒకరు వచ్చి, "నీవంటి వాడు గెలవాలి నాయనా, ఖర్చు సంగతి నాకు వదిలెయ్యి" అంటాడు. కాగితం లేదు, వడ్డీ లేదు, గడువు లేదు. అభ్యర్థి గెలుస్తాడు.

రెండేళ్ల తరువాత ఆ వ్యాపారి లేఅవుటు సంగతి సభ ముందుకు వస్తుంది. లేఅవుటు వేసేవారు ఉద్యానవనాల వంటి ఉమ్మడి అవసరాలకు కనీసం 10 శాతం స్థలాన్ని విడిచి, దానిని స్థానిక సంస్థకు అప్పగించాలి. ఆ స్థలంలో కొంత ఆక్రమణకు గురైనదని ఒకరు ఫిర్యాదు చేశారు. వ్యాపారి మన సభ్యునికి ఫోను చేయడు. చేయవలసిన అవసరమూ లేదు. చర్చ జరుగుతున్నంతసేపు సభ్యుడు తలవంచుకుని కూర్చుంటాడు. ఆ మౌనమే వడ్డీతో సహా తీరిన బాకీ.

ఇందులో లంచం ఎక్కడ ఉన్నది? చేతులు మారిన సొమ్ము లేదు, పలికిన మాట లేదు. ఉన్నది కృతజ్ఞత ఒక్కటే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టరాదని మన పెద్దలు చెప్పినారు. వ్యక్తిగత జీవితంలో అది సుగుణం. కాని సభ్యుడు ఆ ఋణాన్ని తన ఆస్తితో తీర్చలేదు. పిల్లలు ఆడుకోవలసిన స్థలంతో తీర్చినాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. మేలు పొందినవాడు ఒకడు, మూల్యం చెల్లించినవారు వేరొకరు.

చట్టం ఈ ప్రమాదాన్ని కొంతవరకే గుర్తించినది. పురపాలక సంఘపు కాంట్రాక్టులో స్వయంగా వాటా ఉన్నవారు సభ్యులుగా ఉండడానికి అనర్హులు. సభ్యుని ఎన్నికకు సొమ్ము పెట్టినవారి విషయంలో అటువంటి నిషేధం లేదు. అభ్యర్థి ఎన్నికల వ్యయ పట్టికను సమర్పించాలి; కాని మిత్రుడు చేతిలో పెట్టిన నగదు ఆ పట్టికకు ఎక్కడం అరుదు. రాజకీయ పక్షాలు తమకు 20,000 రూపాయలకు మించి ఇచ్చిన దాతల వివరాలను ఎన్నికల సంఘానికి తెలపాలి. ఆ వెలుగును కూడా 2018లో అమలులోకి వచ్చిన ఎన్నికల బాండ్లు మసకబార్చినవి. దాత పేరు ఓటరుకు తెలియకుండా దాచిన ఆ పథకం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న తీర్పు చెప్పినది. పార్టీలకు నిధులు ఎక్కడి నుండి వస్తున్నవో తెలుసుకోవడం ఓటరు హక్కు అని ఆ తీర్పు సారాంశం. దేశానికి వర్తించే ఈ సూత్రం వార్డుకు మాత్రం ఎందుకు వర్తించరాదు?

ఈ సమస్యను న్యూయార్కు నగరం మరొక విధంగా ఎదుర్కొన్నది. 1980వ దశకంలో బయటపడిన అవినీతి తరువాత, 1988లో అక్కడ ఎన్నికల నిధులను పర్యవేక్షించే మండలి ఏర్పడినది. నగరంతో కాంట్రాక్టులు, భూవ్యవహారాలు ఉన్నవారి పేర్లతో పట్టిక ఉండాలని 2007లో చట్టం చేశారు. ఆ పట్టికలో ఉన్నవారు నగరసభ అభ్యర్థికి 250 డాలర్లకు మించి ఇవ్వరాదు. సామాన్యులు ఇచ్చే చిన్న విరాళాలకు నగరమే కొంత సొమ్మును జతచేస్తుంది. అందువల్ల అక్కడ ధనప్రభావం పూర్తిగా తొలగిపోయినదని చెప్పలేము. కాని ఎవరు ఎవరికి ఎంత ఇచ్చినదీ పౌరుడు చూడగలడు.

మన చేతిలోనూ సాధనాలు లేకపోలేదు. సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం పాలకమండలి తీర్మానాల ప్రతులను, టెండర్ల వివరాలను ఏ పౌరుడైనా కోరవచ్చు. సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. అయితే సమాచారం అడిగే ముందు మనల్ని మనం అడుగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఓటుకు నోటు ఆశించే వీధి అభ్యర్థిని దాత వాకిట నిలబెడుతున్నది. మనం పుచ్చుకొన్న ఐదువందలు ఎవరి పెట్టె నుండి వచ్చినవి? వాటిని వారు మన వీధిలోని ఏ కాలువ నుండి, ఏ ఖాళీ స్థలం నుండి తిరిగి రాబట్టుకుంటారు? పద్దుకెక్కని అప్పును చివరకు తీర్చేది ఊరే. త్వరలో ఓటు హక్కు పొందనున్న యువత ఈ లెక్కను ముందుగానే నేర్చుకోవాలి.

కఠిన పదాలకు అర్థాలు

పద్దు = జమాఖర్చుల లెక్కలో వ్రాసిన అంశం
జాగరూకత = మెలకువ, అప్రమత్తత
ఆశీలు = సంతలో సరకులపై వసూలు చేసే రుసుము
పలుకుబడి = మాట చెల్లుబాటు, ప్రాబల్యం
మూల్యం = వెల

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. ఎన్నికల దాతల ప్రభావం పట్టణ ప్రజల ఆస్తికి ఏ విధంగా నష్టం కలిగిస్తుందో పాఠం ఆధారంగా వివరించండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. కృతజ్ఞత సుగుణమే అయినా సభ్యుని విషయంలో దోషం ఎందుకైనది?
2. న్యూయార్కు నగరం అనుసరించిన పద్ధతిని తెలపండి.

III. సందర్భ సహిత వ్యాఖ్య
1. "ఆ మౌనమే వడ్డీతో సహా తీరిన బాకీ."

IV. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. బుచ్చిరెడ్డిపాలెం ఎప్పుడు నగర పంచాయతీ అయినది?
2. ఎన్నికల బాండ్లపై సుప్రీంకోర్టు తీర్పు ఎప్పుడు వెలువడినది?