జేసీబీ బకెట్‌కు ఏ వెల్డింగ్ మిషన్?

ప్రశ్న: మాకు ఒక జేసీబీ, ఒక ప్రొక్లెయిన్ ఉన్నాయి. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల్లో తిరుగుతాయి. బకెట్ పగిలినప్పుడల్లా ఒంగోలు నుంచి వెల్డర్ రావాలి, ఆ రోజంతా బండి ఖాళీ. చేత్తో మోసుకెళ్లే 200 ఆంపియర్ల ఇన్వర్టర్ మిషన్ కొందామనుకుంటున్నాం. సరిపోతుందా సార్?
- ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: సరిపోతుంది. కాకపోతే డబ్బా మీద పెద్దక్షరాల్లో కొట్టిన 200ను నమ్మి కొనకూడదు. మిషన్ వెనక రేటింగ్ ప్లేటు మీద డ్యూటీ సైకిల్ అని ఉంటుంది, చూడాల్సింది దాన్ని. పది నిమిషాల్లో ఎంతసేపు ఆపకుండా వెల్డింగ్ చేయొచ్చో చెప్పే లెక్క అది. 200 ఆంపియర్ల దగ్గర 60 శాతం ఉంటే ఆరు నిమిషాలు పని, నాలుగు నిమిషాలు విశ్రాంతి. అదే 20 శాతమైతే రెండు నిమిషాలకే వేడెక్కి ఆగిపోతుంది. మంచి మిషన్లకు ఈ అంకెను 40 డిగ్రీల వాతావరణంలో పరీక్షించి ఇస్తారు. మే నెలలో క్వారీ గుంతలో దిగినవారికి ఆ 40 డిగ్రీలు ఏపాటివో వేరే చెప్పక్కర్లేదు. అందుకే కాస్త పైచేయిగా ఉన్నదాన్నే తీసుకోవాలి.

ఇక రాడ్డు. గేట్లకు, గ్రిల్లులకు వాడే 6013 రాడ్డు బకెట్‌కు పనికిరాదు. రోజంతా బండరాయి దెబ్బలు తినే చోట 7018 రకం, అంటే లో హైడ్రోజన్ రాడ్డే వాడాలి. 3.15 మిల్లీమీటర్ల 7018కు 100 నుంచి 140 ఆంపియర్లు చాలు. 4 మిల్లీమీటర్లదానికి 140 నుంచి 190 దాకా కావాలి. రెండు బండ్లున్న యజమాని లావు రాడ్డు జోలికి పోకుండా 3.15తోనే పొర మీద పొర వేయించుకుంటే 200 మిషన్ మీద భారం పడదు. హోల్డర్ ప్లస్‌కు, ఎర్త్ మైనస్‌కు తగిలించాలి. చవక మిషన్లలో ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి తక్కువగా ఉండి 7018 మాటిమాటికీ అతుక్కుపోతుంది. అది 70 వోల్టుల దగ్గర ఉంటే మేలు. డబ్బు కట్టేముందే షాపులో ఒక 7018 రాడ్డు మొదలు నుంచి చివరి దాకా కాల్చి చూపించమనాలి. ఇందులో మొహమాటం వద్దు.

చాలామంది దెబ్బతినేది కరెంటు దగ్గర. 140 ఆంపియర్ల దగ్గర ఆర్క్‌కు సుమారు 26 వోల్టులు కావాలి, అంటే మూడున్నర కిలోవాట్లకు పైనే. మిషన్‌లో పోయే నష్టం, పవర్ ఫ్యాక్టర్ కలిపితే జనరేటర్ మీద దాదాపు 6 కేవీఏ లోడు పడుతుంది. ఇంట్లో లైట్లకు, ఫ్యాన్లకు వాడే చిన్న జనరేటర్ దీన్ని లాగలేదు. 7.5 కేవీఏకు తగ్గకూడదు. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు పొడవునా లాగినా ఇదే కథ, వోల్టేజి దారిలోనే పడిపోతుంది. అంతగా అయితే వెల్డింగ్ కేబులే పొడుగు పెట్టుకోవాలి, అదీ 35 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో.

గ్యాస్‌తో నడిచే మిగ్ మిషన్ అమ్మజూపే దుకాణదారులూ ఉంటారు. క్వారీలో గాలి వీస్తే గ్యాస్ చెదిరిపోయి అతుకంతా బొక్కలే. ఆరుబయట పనికి అది వద్దు.

ప్రశ్న: వెల్డింగ్ చేయించిన వారానికే అతుకు పక్కన మళ్లీ పగులుతోంది. మిషన్ మార్చాలా?
- ఒక పాఠకుడు, తాండూరు

జవాబు: అక్కర్లేదు. అతుకు నిలిచి దాని పక్కన ఇనుము పగిలిందంటే ముందు అనుమానించాల్సింది తేమను, చల్లదనాన్ని. ప్యాకెట్ విప్పి రోజులు గడిచిన 7018 గాలిలో తేమ పీల్చుకుంటుంది. ఆ తేమలోని హైడ్రోజన్ గట్టి ఇనుములో చేరి, చల్లారాక బీట తెస్తుంది. వాడేముందు రాడ్లను ఓవెన్‌లో 300 నుంచి 350 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చాలి. పళ్లు తొడిగే అడాప్టర్ పోత ఇనుముది కాదు, పోత ఉక్కుది. దాన్ని బకెట్ పెదవికి అతికేముందు 150 డిగ్రీలకు పైగా వేడి చేయాలి. తర్వాత నీళ్లు పోయకుండా మెల్లగా ఆరనివ్వాలి.

పాత పగులు మీద పైపైన పూస్తే అది కిందే బతికి ఉంటుంది. గ్రైండర్‌తో తవ్వుతూ పోతే మెరిసే ఇనుములో వెంట్రుకంత నల్లగీత కనిపిస్తుంది. ఆ గీత పూర్తిగా మాయమయ్యేదాకా తవ్వాల్సిందే. పగులు రెండు కొనల్లో చిన్న రంధ్రం వేస్తే అది ముందుకు పాకదు. పైన ప్లేటు వేసేటట్లయితే మూలలు గుండ్రంగా కోయించాలి.

ప్రశ్న: బకెట్ విప్పకుండా బండి మీదే వెల్డింగ్ చేయొచ్చా?
- ఒక ఆపరేటర్, కరీంనగర్

జవాబు: విప్పితేనే మంచిది. వీలుకానప్పుడు బకెట్‌ను నేల మీద ఆనించి, ఇంజన్ ఆపి, బ్యాటరీ వైర్లు, ఈసీయూ ప్లగ్గులు తీసేయాలి. ఎర్త్ క్లాంపును ఛాసిస్‌కు కాకుండా వెల్డింగ్ చేసే చోటికి దగ్గర్లో, బకెట్‌కే, తుప్పు గీకి పెట్టాలి. లేకపోతే కరెంటు పిన్నులు, బుష్‌ల గుండా, ఒక్కోసారి సిలిండర్ రాడ్డు గుండా పోయి వాటిని గుంతలు పడేలా కాల్చేస్తుంది. హోస్ పైపుల మీద తడి గోనె కప్పి ఉంచాలి. వేడికి గ్రీజు కరిగి కారిపోతుంది కాబట్టి బండి కదిపేముందు పిన్నులన్నిటికీ మళ్లీ కొట్టించాలి.