చేను మనది, కుందేలు మనది కాదు

సంక్రాంతి వెళ్ళిపోయింది. కోతలు అయిపోయాయి. చేలు ఖాళీగా ఉన్నాయి. ఇలాంటి రోజుల్లోనే కుర్రాళ్ళకు వేట మీదికి మనసు పోతుంది.

విశాఖపట్నం చుట్టుపక్కల ఒక పల్లె అనుకుందాం. నలుగురు కుర్రాళ్ళు బయలుదేరారు. వెంట మూడు నాటు కుక్కలు. చేతిలో టార్చిలైటు, ఒక వల. దారిలో జీడిమామిడి తోట కామందు కనిపించాడు.

"బాబూ, మీ తోటలో కుందేళ్ళున్నాయంట. కుక్కల్ని తోలుకోమంటారా?" అని అడిగారు.

"తోలుకోండిరా. దొరికితే నాకూ వాటా పంపండి" అన్నాడాయన.

ఇంటి దగ్గర కోడలికి భయం వేసింది. "అత్తా, ఫారెస్టోళ్ళు పట్టుకుంటే ఏటి సేస్తాం?" అంది. అత్త మసాలా నూరుతోంది. "తోట కామందే ఒప్పుకున్నాడు. ఇంకెవరే మనల్ని అడిగేది?" అంది.

కోడలి భయమే నిజం. తోట కామందుది తోట మాత్రమే. కుందేలు ఆయనది కాదు. తనది కాని దానికి ఆయన సెలవు ఎలా ఇస్తాడు?

మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వన్యప్రాణి అంటే అడవి జంతువు, అడవి పక్షి. పేరుకు అడవి జంతువే గానీ, అది అడవిలోనే ఉండాలని లేదు. మన చేలో ఉన్నా, కొండ మీద ఉన్నా, ఇంటి వెనక దడిలో ఉన్నా చట్టం దాన్ని కాపాడుతుంది. ఈ చట్టం వచ్చిన కొత్తలో కొన్ని జంతువుల వేటకు ప్రభుత్వం లైసెన్సు ఇచ్చేది. 1991లో చట్టాన్ని మార్చారు. సరదా వేటకు లైసెన్సులు అప్పుడే పోయాయి.

ఏ జంతువును వేటాడకూడదో చట్టంలో పట్టికలు ఉన్నాయి. 2022లో ఆ పట్టికలను మళ్ళీ రాశారు. ఉడుము, నెమలి, అలుగు మొదటి పట్టికలో ఉన్నాయి. కుందేలు, అడవి పంది, చుక్కల దుప్పి రెండో పట్టికలో ఉన్నాయి. పొలంలో ధాన్యం తినే మామూలు ఎలుకలు ఈ పట్టికల్లో లేవు. వాటిని పట్టుకుంటే ఈ చట్టం అడ్డు రాదు.

ఇక వేట అంటే ఏమిటి? చంపితేనే వేట అని చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనలేదు. ఉచ్చు పెట్టినా వేటే. విషం పెట్టినా వేటే. జంతువును తరిమినా వేటే. కుక్కల్ని ఉసిగొల్పి తరిమించడం కూడా అందులోనే ఉంది. పట్టుకోవాలని ప్రయత్నించినా చాలు. కుందేలు తప్పించుకుపోయింది, మేం వట్టి చేతులతో వచ్చాం అంటే కుదరదు.

పట్టుబడితే ఏమవుతుంది? రెండో పట్టికలోని కుందేలుకు మూడేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జుర్మానా, లేదా రెండూ పడవచ్చు. మొదటి పట్టికలోని ఉడుముకైతే ఇంకా ఎక్కువ. మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు, దాంతో పాటు 25 వేల రూపాయలకు తగ్గని జుర్మానా ఉంటాయి. ఉడుము మాంసం తింటే ఒంటికి బలమని అంటుంటారు. ఆ బలం కోసం ఇంత తిప్పలు పడాలా?

వేటకు వాడిన వల, టార్చిలైటు, బండి కూడా పోతాయి. ఆటోలో వెళ్ళి వేటాడితే ఆ ఆటోను పట్టుకుంటారు. ఫైనాన్సు మీద కొన్న ఆటో అయితే బండి ఉండదు గానీ, కిస్తీలు మాత్రం కట్టక తప్పదు. సంసారం నడిపే ఆడదానికి ఆ బాధ ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

కోడలు భయపడడానికి ఇంకో కారణం ఉంది. వేటాడిన జంతువు మాంసం ప్రభుత్వం సొత్తు అని చట్టం చెబుతుంది. దాన్ని ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే. వేటకు వెళ్ళింది మగవాళ్ళు. మాంసం ఉన్నది మాత్రం పొయ్యి మీద కుండలో. మామూలు కేసుల్లో మనం తప్పు చేశామని పోలీసులు రుజువు చేయాలి. ఇక్కడ అలా కాదు. మాంసం మన దగ్గర దొరికితే, అది తప్పుడు దారిలో రాలేదని మనమే రుజువు చేసుకోవాలి. అందుకే మసాలా నూరే ముందే అడగాలి, ఈ మాంసం ఎక్కడిది అని.

మరి సెలవిచ్చిన కామందు సంగతి? నేరానికి సాయపడినవాడు కూడా నేరం చేసినట్టే లెక్క. వాటా అడిగాడు కాబట్టి ఆయన మెడకూ చుట్టుకుంటుంది. పోనీ, ఆయనకు చెప్పకుండానే తోటలో దూరారనుకోండి. నేరం చేసే ఉద్దేశంతో ఒకరి భూమిలోకి వెళ్ళడం ఇంకో నేరం. దాని మీద వేరే కేసు పెట్టవచ్చు. కామందు సెలవు ఉంటే ఆ రెండో కేసు తప్పవచ్చు. వేట కేసు మాత్రం తప్పదు.

అన్ని దేశాల్లో ఇలాగే ఉండదు. ఇంగ్లండులో కుక్కలతో వేటాడకూడదని 2004లో చట్టం చేశారు. అయినా అక్కడ ఎలుకల్ని, బొరియల్లో ఉండే చిన్న కుందేళ్ళను కుక్కలతో పట్టవచ్చు. ఆ భూమి వేటాడేవాడిది కావాలి. లేదా భూమి ఉన్నవాడి అనుమతి కావాలి. అంటే అక్కడ భూమి ఉన్నవాడి మాటకు విలువ ఉంది. మన దగ్గర ఆ మాట చెల్లదు.

విశాఖలో స్టీలు ప్లాంటుకు చాలా భూమి ఉంది. అందులో చెట్లు, తుప్పలు పెరిగి ఉన్న చోట్లున్నాయి. ప్లాంటుకు 1971లో శంకుస్థాపన జరిగింది. దానికోసం ఎన్నో ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ ఆ నేలను చూపించి "ఇది మా తాతల భూమి" అంటారు. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ తాతల భూమి అయినా, ప్లాంటు భూమి అయినా, సింహాచలం దేవస్థానం భూమి అయినా వేట విషయంలో ఒకటే లెక్క. ఏ యజమానీ సెలవు ఇవ్వలేడు.

కంబాలకొండ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఒకప్పుడు అది విజయనగరం మహారాజుల ఏలుబడిలో ఉండేది. ఇప్పుడు అభయారణ్యం. అంటే జంతువులకు భయం లేకుండా ఉంచిన అడవి. అది సుమారు 71 చదరపు కిలోమీటర్లు ఉంది. నగరాన్ని ఆనుకునే ఉంది. చిరుతపులి కూడా అక్కడ ఉంది. అభయారణ్యంలో కుందేలును వేటాడినా మూడేళ్ళకు తగ్గని జైలు పడుతుంది. బయట చేలో ఒక శిక్ష, కంబాలకొండలో దానికంటే పెద్ద శిక్ష.

పాడేరు, అరకు వైపు ఏజెన్సీలో చైత్రమాసంలో ఇటుకల పండుగ చేస్తారు. మగవాళ్ళు గుంపుగా వేటకు వెళ్తారు. వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఆటపట్టించే ఆనవాయితీ ఉంది. నవ్వులాటే గానీ, ఆ సిగ్గుకు భయపడే మగవాళ్ళు ఏదో ఒకటి చంపి తెస్తారు. ఏజెన్సీలో చాలామందికి 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి పట్టాలు వచ్చాయి. ఆ చట్టం భూమి మీద హక్కు ఇచ్చింది. తేనె, చింతపండు, అడ్డాకు ఏరుకునే హక్కు ఇచ్చింది. వేట హక్కు మాత్రం ఇవ్వలేదు. అక్కడ కూడా చేను మనది, కుందేలు మనది కాదు.

ఇంతవరకూ విన్న రైతు ఇల్లాలు ఒక మాట అడుగుతుంది. "అడవి పంది వచ్చి మా వేరుశనగ అంతా తవ్వేస్తే ఊరుకోవాలా?" అని. న్యాయమైన మాట. ఆరు నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతే కడుపు మండుతుంది. ఆ మంటలో కొందరు కంచెకు కరెంటు తీగ కడతారు. అది అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ తీగకు పంది తగలకపోవచ్చు. తెల్లారి చేలోకి వెళ్ళిన మనిషి తగలవచ్చు.

దీనికి చట్టంలో ఒక దారి ఉంది. జంతువు వల్ల మనుషులకు గానీ, నిలిచి ఉన్న పంటకు గానీ ప్రమాదం ఉంటే అటవీ అధికారికి చెప్పుకోవచ్చు. అధికారం ఉన్న అధికారి కారణాలు రాసి, ఆ జంతువును వేటాడడానికి ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వు కాగితం మీద ఉండాలి. నోటిమాట చాలదు. పంట నష్టానికి పరిహారం కూడా అడగవచ్చు. ఈ పని తొందరగా జరుగుతుందని చెప్పలేం. ఒకటికి రెండుసార్లు తిరగాల్సి రావచ్చు.

పంది మీదపడి పొడవబోతే? ప్రాణం కాపాడుకోవడానికి చంపితే నేరం కాదు. అయితే ఒక మెలిక ఉంది. కుక్కలతో వేటకు వెళ్ళినప్పుడు పంది తిరగబడిందనుకోండి. అప్పుడు ప్రాణం కోసమే చంపామంటే చట్టం ఒప్పుకోదు. చంపిన పంది కూడా ప్రభుత్వానిదే.

ఒకవేళ ఇంట్లోవాళ్ళ మీద కేసు పడితే బ్రోకర్ల చేతికి డబ్బు ఇవ్వవద్దు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ప్రభుత్వమే ఉచితంగా వకీలును పెడుతుంది. ఆదాయం ఎంత అని అడగరు. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

పంట పాడైతే అర్జీ ఇలా రాయవచ్చు. ఖాళీల్లో మీ వివరాలు నింపండి.

ఫారెస్టు రేంజి ఆఫీసరు గారికి,
అయ్యా,
నా పేరు ........ . మాది ........ గ్రామం, ........ మండలం. సర్వే నంబరు ........ లో నాకు ........ సెంట్ల భూమి ఉంది. అందులో ........ పంట వేశాను. ........ తేదీ రాత్రి అడవి పందులు పడి పంట పాడుచేశాయి. తమరు వచ్చి చూసి, నష్టపరిహారం ఇప్పించాలని, పందుల బెడద పోయేలా చర్య తీసుకోవాలని కోరుతున్నాను.
ఇట్లు,
(సంతకం)

వేలిముద్ర వద్దు, సంతకం పెట్టండి. పంట పోయిన మర్నాడే రాయండి. అధికారి వచ్చి చూసేదాకా తొక్కిన చోటును అలాగే ఉంచండి. అర్జీ రెండు కాగితాల మీద రాయాలి. ఒకటి ఆఫీసులో ఇవ్వాలి. రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని తెచ్చుకోవాలి. దాన్ని పొలం పాసు పుస్తకంలో పెట్టుకుంటే వెతుక్కునే పని ఉండదు.