కుందేళ్లు పెరిగాయా, తగ్గాయా? లెక్క మీ గట్టు మీదే ఉంది

"పల్లి మొలక మీద చెవులపిల్లులు పడ్డయి సారూ. మందలు మందలు ఉన్నయి." యాసంగి విత్తనం పడ్డ రెండు వారాలకు వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు చెలకల్లో తిరిగితే ఈ మాట వినిపిస్తుంది. అదే ఊళ్లో రచ్చబండ మీద కూర్చున్న పెద్దమనిషిని అడిగితే, "మా చిన్నతనంల పొదకొకటి లేస్తుండె. ఇప్పుడు కుందేలు యాడుంది బిడ్డా" అంటాడు.

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. కుందేళ్ల సంఖ్య జిల్లా అంతా ఒక్క తీరుగా పెరగదు, ఒక్క తీరుగా తగ్గదు. ఒక గుట్ట కింద పెరుగుతుంది, రెండు కిలోమీటర్ల అవతల తగ్గుతుంది. కాబట్టి ఎవరి చెలక లెక్క వాళ్లు చూసుకోవాల్సిందే. లెక్క చూడకుండా, నాలుగు మొక్కలు తెగ్గానే చేను చుట్టూ కరెంటు తీగ లాగే రైతులు ఉన్నారు. ఆ తీగ కుందేలుతో ఆగదు. అందుకే ఈ వారం పాఠం దీని మీద.

మన కుందేలు ఏది?

మన చెలకల్లో తిరిగేది మెడ వెనక నల్లమచ్చ ఉండే అడవి కుందేలు. ఊళ్లో పెంచే తెల్ల కుందేలు వేరే జాతి. ఆ రెండూ కలిసి పిల్లలు పెట్టవు. పెంపుడు కుందేలు జాతి బొరియ తవ్వుతుంది, దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు తెరవకుండా పుడతాయి. అడవి కుందేలు బొరియ తవ్వదు. గడ్డిలోనో, పొద కిందనో ఒంటికి సరిపోయే పడక చేసుకుని పగలంతా అందులోనే నక్కి ఉంటుంది. దాని పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి.

చూలు దాదాపు నెలన్నర. ఈతకు ఒకటి నుంచి నాలుగు పిల్లలు. ఏడాది పొడవునా ఈనుతుంది గానీ, వానలు పడి పచ్చిక మొలిచాక ఎక్కువ. ఇక్కడే రైతు గమనించాల్సిన సంగతి ఉంది. తొలకరి పచ్చిక మీద పుట్టిన పిల్లలు యాసంగి నాటికి ఎదుగుతాయి. సరిగ్గా అప్పుడే బీళ్లలో గడ్డి ఎండిపోతుంది. చుట్టూ ఎండుగడ్డి, నడుమ మీ పల్లి చేను ఒక్కటే పచ్చగా ఉంటే రాత్రి అవి ఎటు వస్తాయి? అందుకే ఆ నెలలో మనకు "మందలు" కనబడతాయి. అది ఏడాది మొత్తం లెక్క కాదు.

ఒకచోట పెరుగుదల, ఒకచోట తరుగుదల ఎందుకు?

కుందేలు బతకడానికి రెండు కావాలి. పగలు దాక్కోవడానికి దాపు, రాత్రి మేయడానికి పచ్చిక. ఈ రెండూ పక్కపక్కనే ఉండాలి. అది తన పడకకు దగ్గరలోనే తిరిగే జంతువు.

పాలమూరు మెట్టలో ఒకప్పుడు జొన్న, ఆముదం, కంది, కొర్ర కలిపి వేసేవాళ్లు. గట్లు వెడల్పు. గట్టు మీద తంగేడు, రేగు, బంతిపొదలు. ఇప్పుడు చాలాచోట్ల పత్తి, మొక్కజొన్న ఒక్క పంటగా వచ్చాయి. ట్రాక్టరుకు అడ్డమని గట్లు సన్నబడ్డాయి. మిగిలిన గడ్డి మీద కలుపుమందు కొడుతున్నాం. అక్కడ కుందేలుకు దాపూ లేదు, మేతా లేదు. పెద్దమనిషి మాట అందుకే నిజం. యూరప్ దేశాల్లో కూడా 1960ల తర్వాత చిన్న మడులు కలిపి పెద్ద పొలాలు చేసి, గట్ల పొదలు కొట్టేసి, ఒకే పంట వేస్తూ వచ్చాక అక్కడి అడవి కుందేళ్లు బాగా తగ్గిపోయాయి.

ఇక పెరిగే చోటు చూడండి. వలస పోయినవాళ్ల భూములు, అమ్ముడుపోయి ఖాళీగా పడున్న ప్లాట్లు, సర్కారు తుమ్మ కమ్ముకున్న చెరువు శిఖాలు మంచి దాపు. వాటి పక్కనే బోరు కింద నాలుగెకరాల పచ్చని చేను ఉంటే కుందేలుకు ఇల్లూ, భోజనమూ దొరికినట్టే. రెండేళ్ల తర్వాత ఆ తుమ్మ కొట్టేసి దున్నితే అక్కడ మళ్లీ తగ్గుతాయి.

మూడోది, దాన్ని తినే జంతువులు. నక్క, గుంటనక్క, అడవిపిల్లి, పెద్ద గుడ్లగూబ, గద్ద, కొండచిలువ ఇవన్నీ కుందేలును, ముఖ్యంగా పిల్లలను పడతాయి. ఉచ్చులకూ, విషపు ఎరలకూ నక్కలు, అడవిపిల్లులు చచ్చినచోట కుందేలుకు భయం తగ్గుతుంది. ఎలుకలకు ఇంకా తగ్గుతుంది. ఇవే ఎలుకలను తినేవి కూడా. మరోపక్క ఊరకుక్కలు, పండగ వేటలు కుందేలును తగ్గిస్తాయి. ఏ ఊళ్లో ఏది ఎక్కువుంటే లెక్క అటు మొగ్గుతుంది.

లెక్క తీసే పద్ధతి

రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని తిరగొద్దు. పాము భయం ఒకటి, ఎవరో వేసిన తీగ భయం ఒకటి. పగలే పెంటికలు లెక్కపెట్టాలి.

కుందేలు పెంటిక గుండ్రంగా, కొంచెం అణిగినట్టు, ఎండుగడ్డి రంగులో ఉంటుంది. నలిపితే పీచు కనబడుతుంది. మేక పెంటిక కోలగా, నల్లగా, నున్నగా ఉంటుంది. ఒక్క కుందేలే రోజుకు వందల్లో పెంటికలు వేస్తుంది. కాబట్టి గట్టు మీద కుప్ప కనబడిందని మంద ఉందనుకోవద్దు. అది ఒకటీ రెండూ వేసినవే కావచ్చు.

గట్ల మీద అయిదు, చేను లోపల అయిదు, మొత్తం పది చోట్ల గూటాలు పాతండి. ఒక మీటరు తాడు గూటానికి కట్టి చుట్టూ గుండ్రం గీయండి. ఆ గుండ్రంలోని పెంటికలన్నీ ఏరి పారేయండి. పదిహేను రోజుల తర్వాత వచ్చి, పది గుండ్రాల్లో కొత్తగా పడ్డవి లెక్కపెట్టి నోటుబుక్కులో రాయండి. మధ్యలో పెద్దవాన పడితే కొట్టుకుపోతాయి, మళ్లీ మొదలుపెట్టాలి. మరుసటి ఏడు అదే నెలలో, అవే గూటాల దగ్గర చూడాలి. ఉదాహరణకు ఈ ఏడు 60 వచ్చి, పై ఏడు 25 వస్తే సగానికి పైగా రాకపోకలు తగ్గినట్టు. 60 పోయి 120 అయితే రెట్టింపు. ఎన్ని కుందేళ్లున్నాయో ఈ లెక్క చెప్పదు. పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా అనేది మాత్రం చెబుతుంది. మనకు కావాల్సిందీ అదే.

కోసింది కుందేలేనా?

కుందేలు కోసిన మొక్క కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. ఎక్కువగా గట్టుకు, పొదకు దగ్గరి సాళ్లలోనే ఉంటుంది. జింక కొరికితే చివర చిరిగినట్టు ఉంటుంది. పంది అయితే మన్ను పెళ్లగిస్తుంది. ఎలుక కూడా నున్నగానే కోస్తుంది గానీ దగ్గర్లో బొక్క, కోసిపడేసిన ముక్కలు కనబడతాయి. మొక్క నేల మట్టంలో తెగి అక్కడే పడి ఉంటే మొదట్లో మన్ను కదిపి చూడండి, కాండం కత్తిరించే పురుగు ముడుచుకుని దొరకవచ్చు. పురుగు చేసిన పనికి కుందేలు మీద కోపం తీర్చుకుంటే చేను దక్కదు.

నష్టం ఎంత?

చేనులో అయిదు చోట్ల, చోటుకు 20 వరస మొక్కలు చూడండి. మొత్తం వంద అవుతాయి. అందులో ఎన్ని తెగితే అంత శాతం. అంచుల్లోనే కాక నడుమ కూడా చూడాలి, లేకపోతే నష్టం ఎక్కువ కనబడుతుంది.

తెగిన ప్రతి మొక్కా చావదు. పెసర, అలసంద, పల్లి మొలకను గింజ బద్దల పైన కోస్తే పక్కనుంచి కొమ్మలు వస్తాయి. బద్దల కింద కోస్తేనే మొక్క పోయినట్టు. పోయినచోట వారం పది రోజుల్లో మళ్లీ గింజ పెట్టుకోవాలి. ఆలస్యమైతే ఆ మొక్క పక్కవాటితో పాటు కోతకు రాదు.

ఏం చేయాలి?

కాపలా కాయాల్సింది మొలక వచ్చిన మొదటి మూడు నాలుగు వారాలు. ఆ తర్వాత మొక్క ముదురుతుంది, కుందేలు వల్ల భయం తగ్గుతుంది.

బీడు వైపు, పొదల వైపు ఉన్న గట్టు వెంట ముందు అడ్డు కట్టండి. కుందేలు కంచె ఎత్తు కన్నా కింది సందు చూసుకుంటుంది. రెండున్నర అడుగుల వల చాలు, కన్ను అంగుళానికి మించకూడదు. కింద అర అడుగు బయటివైపు మడిచి మన్ను కప్పాలి. వల వదులుగా వదిలితే పాములు, పక్షులు చిక్కుతాయి, బిగించి కట్టాలి. వల కొనలేనివాళ్లు పాత చీరలు నేలకు తాకేలా కట్టుకోవచ్చు. రేగుకంప వేస్తే కింద సందు లేకుండా దట్టంగా వేయాలి. పందికని ఆముదం, కుసుమ అంచుపంటగా వేస్తుంటారు. కుందేలు చిన్నది, వాటి సందుల్లోంచి దూరుతుంది. వాటిని నమ్ముకుని వల మానొద్దు. కొత్తగా నాటిన మామిడి, బొప్పాయి మొక్కలకు రెండడుగుల ఎత్తున గోనెపట్టా గానీ, వెదురు తడక గానీ చుట్టండి.

చేనుకు ఆనుకుని ఉన్న పొదను మొలక దశకు ముందు కొంచెం వెనక్కి కొట్టుకోండి. కానీ ఊళ్లో పొదలన్నీ కాల్చేయకండి. దాపు పోతే నక్కా పోతుంది, గుడ్లగూబా పోతుంది. తర్వాత మిగిలేది ఎలుకే.

గడ్డిలో కుందేలు పిల్ల ఒంటరిగా కనబడితే తల్లి చచ్చిందనుకుని ఇంటికి తేవద్దు. కుందేళ్ల అలవాటే అది. తల్లి దూరంగా ఉండి, పొద్దుగూకాక వచ్చి పాలిచ్చి పోతుంది.

తీగ మాత్రం వద్దు

చేను చుట్టూ లాగిన కరెంటు తీగకు మనిషీ, జంతువూ తేడా తెలియదు. పక్క చేనుకు నీళ్లు పెట్టడానికి వచ్చిన రైతు, మేత కోసం తెంపుకుని వచ్చిన ఎద్దు, పొద్దున తీగ సంగతి మరిచిపోయి చేనులోకి వెళ్లిన సొంత కొడుకు. ఇలాంటి చావులు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జరిగాయి, జరుగుతున్నాయి. విషం కలిపిన ఎరలూ అంతే, మేకలకూ కుక్కలకూ తగులుతాయి. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేలును ఉచ్చుపెట్టి పట్టినా, చంపినా నేరం. జైలు, జరిమానా ఉంటాయి. మనిషి ప్రాణం పోతే ఆ కేసు వేరు.

పల్లి మొలక తెగితే మళ్లీ గింజ పెట్టుకోవచ్చు. ఒక సాలు పోతుంది, ఒక రోజు కూలి పోతుంది. తీగ తీసుకుపోయింది ఏ యాసంగికీ తిరిగి రాదు. ఈసారి విత్తనం కొనేటప్పుడే పది గూటాలు, ఒక నోటుబుక్కు, నాలుగు పాత చీరలు పక్కన పెట్టుకోండి. నష్టం నిజంగా ఎక్కువగా ఉంటే ఆ లెక్క పట్టుకుని మీ వ్యవసాయ విస్తరణ అధికారినీ, అటవీ బీటు అధికారినీ కలవండి. "మందలు ఉన్నయి" అనే మాట కన్నా నోటుబుక్కులో రాసిన అంకెకు విలువ ఎక్కువ.