ప్రార్థనకు ముందు పది నిమిషాలు

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో తెరుచుకుంది. ఆ రోజుల్లో గుంటూరు నుంచి, ఖమ్మం నుంచి ఉద్యోగానికి వచ్చిన కుర్రాళ్లు చాలామంది ఇవాళ ఇంటర్, ఇంజనీరింగ్ చదివే పిల్లలకు తండ్రులు. వాళ్ల తర్వాత వచ్చినవాళ్ల పిల్లలు కొండాపూర్, మియాపూర్, నల్లగండ్ల అపార్ట్‌మెంట్లలో పెరుగుతున్నారు. ఆదివారం ఆరాధన ముగిశాక ఈ తండ్రుల నోట తరచూ వినిపించే దిగులు ఒకటుంది. "పిల్లాడు కుటుంబ ప్రార్థనకు కూర్చోవడం లేదండీ. కూర్చున్నా మనసు పెట్టడు. మా నాన్న పిలిస్తే మేం ఇలా చేశామా?"

ముందుగా ఒక ధైర్యం చెప్పుకుందాం. ప్రార్థనలో ఆవలించిన పిల్లవాడు విశ్వాసం పోగొట్టుకున్నట్టు కాదు. వాడు అలసిపోయాడు, అంతే. పైగా మీ నాన్నగారికి లేని చిక్కు మీకుంది. న్యూయార్క్ ఆఫీసుతో అక్కడి ఉదయం తొమ్మిదింటి కాల్ అంటే వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పగానే అదే కాల్ ఏడున్నరకు జరుగుతుంది. మార్చి దాకా అది సరిగ్గా పిల్లల భోజనం, ప్రార్థన వేళ మీద వచ్చి కూర్చుంటుంది. ఇందులో మీ తప్పేమీ లేదు.

అయితే కష్టమైనా చెప్పుకోవలసిన మాట ఒకటుంది. కాల్ ముగిసేసరికి తొమ్మిదిన్నర. నాన్న గదిలోంచి బయటికొస్తాడు, తలలో ఇంకా ఆఫీసు గొడవే. "హోంవర్క్ అయిందా? టెస్టులో ఎన్నొచ్చాయి? ఆ ఫోన్ అవతల పెట్టు. మీ అమ్మ ఇంకా వంటింట్లోనేనా? రండి, ప్రార్థన చేసుకుందాం." మరుక్షణమే గొంతు మెత్తబడుతుంది, "ప్రేమగల తండ్రీ" అంటూ మొదలవుతుంది. ఏడేళ్ల బిడ్డ రెండు గొంతులూ వింటుంది. నాన్నను తప్పు పట్టేంత వయసు దానికి లేదు. తిట్ల తర్వాత వచ్చేది ప్రార్థన అని మాత్రం నేర్చుకుంటుంది.

పదమూడేళ్ల పిల్లవాడిది మరో బాధ. "ప్రభువా, వీడికి చదువు మీద బుద్ధి పుట్టించు, చెడు స్నేహాల నుంచి తప్పించు" అని మనం గట్టిగా ప్రార్థిస్తాం. ప్రేమతోనే, సందేహం లేదు. కానీ ఆ మాట దేవుడికంటే ముందు తనకే తగులుతోందని వాడికి తెలుసు. జవాబు చెప్పడానికి లేదు, కళ్లు మూసుకుని ఉండాలి, చివర్లో ఆమేన్ కూడా అనాలి. రేపటి నుంచి వాడు ఆ గదికి ఎందుకొస్తాడు? పిల్లవాడితో చెప్పాల్సింది పిల్లవాడితోనే చెబుదాం, పక్కన కూర్చుని, కళ్లు తెరిచి. వాడి ముందు చేసే ప్రార్థనలో వాడి గురించి కృతజ్ఞతే ఉండనిద్దాం. మిగతాది మనం ఒంటరిగా మోకరించినప్పుడు చెప్పుకోవచ్చు.

ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు పిల్లల్ని విధేయులుగా ఉండమన్నాడు. అది మనకు బాగా గుర్తుంటుంది. వెంటనే తండ్రుల వైపు తిరిగి, పిల్లలకు కోపం రేపవద్దన్నాడు. కొలొస్సయులకు రాసినప్పుడు కారణం కూడా చెప్పాడు, వాళ్ల మనసు కుంగిపోకుండా ఉండాలని. పిల్లల ప్రాణాల మీద కూడా తండ్రికి చట్టమే అధికారమిచ్చిన రోమా సామ్రాజ్యంలో ఆయన ఈ మాట రాశాడు.

మరి ఏం చేద్దాం? ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం పిల్లలకు దేవుని మాటలు నేర్పే వేళలు చెబుతుంది. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. రాత్రి ప్రార్థన తప్పితే అంతా పోయిందని కంగారు అక్కర్లేదు. బడికి దింపుతూ గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఇరవై నిమిషాలూ దారే. ఆ కాసేపు మార్కుల విచారణ మానేసి వాడి కబుర్లు విందాం. చిన్నదాన్ని పడుకోబెట్టేటప్పుడు ఐదు నిమిషాలు పక్కన వాలుదాం. నవంబరులో కాల్ జరిగితే ప్రార్థననూ పొద్దుటికి జరుపుదాం. ఆ వేళేదో పిల్లల్నే చెప్పనిద్దాం. ఒక పాట, నాలుగు వచనాలు, ఒక్కొక్కరి నుంచి ఒక్క కృతజ్ఞత, అంతే చాలు. పాట మీకిష్టమైన ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఒకరోజు, వాళ్ల యూత్ మీటింగులో పాడేది ఒకరోజు.

ఆ ప్రార్థనకు ముందు పది నిమిషాలు మాత్రం మనవి. ల్యాప్‌టాప్ మూసేసి మొహం కడుక్కుందాం. వంటింట్లోకి వెళ్లి కంచాలు అందుకుందాం. "ఇవాళ నీకెలా గడిచింది?" అని ఇల్లాలిని అడుగుదాం. చాలా ఇళ్లలో ఆవిడా అంతసేపూ మరో కాల్‌లో ఉండే వచ్చి ఉంటుంది. నాన్న అమ్మతో ఎలా మాట్లాడతాడో పిల్లలు ఏ వాక్యం కంటే ముందే కంఠతా పట్టేస్తారు.

మెత్తదనమంటే పట్టు వదిలేయడం కాదు. యాజకుడైన ఏలీ కొడుకుల తప్పులు తెలిసీ వాళ్లను అడ్డుకోలేదు, దేవుడు ఆయన్ను నిలదీశాడు. హద్దులు పెట్టాల్సిందే. భోజనాల దగ్గర ఫోన్లు వద్దంటే నాన్న ఫోనే ముందు అలమరలోకి వెళ్లాలి. ఆదివారం ఉదయం ఐఐటీ ఫౌండేషన్ క్లాసుకు మనమే పంపించి, ఇంటర్‌కొచ్చాక చర్చికి రావడం లేదని బాధపడితే, ఏది ముందో వాడికి నేర్పింది మనమే కదా.

రానన్న అమ్మాయిని వెంటనే వాక్యంతో కొట్టవద్దు. ఎందుకని అడిగి, పూర్తిగా విందాం. యేసు పన్నెండేళ్లప్పుడు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలు అడిగాడు. మూడు రోజుల తర్వాత దొరికితే మరియ ఎందుకిలా చేశావని అడిగింది. వచ్చిన జవాబు తల్లిదండ్రులకు అర్థం కాలేదు, అయినా ఆమె దాన్ని మనసులో భద్రం చేసుకుంది. పిల్లల ప్రశ్నలన్నిటికీ మన దగ్గర జవాబుండాలని లేదు.

ఇంకో మాట. బిడ్డ వారాల తరబడి నిద్రపోకపోయినా, తిండి మానేసినా, బతకాలని లేదన్నా, విశ్వాసం తగ్గిందని తేల్చేయవద్దు. ప్రార్థన చేద్దాం, డాక్టర్ దగ్గరికీ తీసుకెళ్దాం. సువార్త రాసిన లూకా వైద్యుడే. ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు.

ఇవన్నీ ఒక్కసారే కుదరవు. కోపం మళ్లీ వస్తుంది, కాల్ మళ్లీ సాగుతుంది. అలాంటి రోజు బిడ్డ దగ్గరికి వెళ్లి, "క్షమించు నాన్నా, ఆఫీసు కోపం నీ మీద చూపించాను" అనండి. తండ్రి స్థానం దాంతో తగ్గిపోదు. క్షమాపణ అడగడం గురించి ఆదివారాలు విన్నదంతా నిజమేనని వాడు నమ్మడానికి ఆ ఒక్క మాట ఎంతో సాయం చేస్తుంది.