మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల టమాట సాగులో ఊతకర్రల మన్నిక

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో సంకరజాతి టమాటను కర్రలు పాతి, తీగలు లాగి, పురికొసతో పైకి కట్టి పెంచడం స్థిరపడిన పద్ధతి. విత్తనం, ఎరువులు, మందులపై జరిగే చర్చ ఈ కర్రలపై జరగదు. అయితే వరుసల మధ్య 1.2 మీటర్లు, వరుసలో 3 మీటర్ల దూరాన కర్రలు పాతితే ఎకరానికి సుమారు 1,120 కర్రలు కావాలి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో కిలో టమాట ధర 150 రూపాయలు దాటింది. అదే మార్కెట్టులో కోత కూలి కూడా గిట్టక పంటను చేనులోనే వదిలేసిన రోజులూ ఉన్నాయి. ధర తన చేతిలో లేని రైతుకు, కర్ర రెండు పంటలకు వస్తుందా, నాలుగు పంటలకు వస్తుందా అన్నది చిన్న ప్రశ్న కాదు.

ఎండ వలన కర్ర పైభాగం బూడిదరంగుకు తిరుగుతుంది. అతినీలలోహిత కిరణాలు లిగ్నిన్‌ను విచ్ఛిన్నం చేయడమే ఇందుకు కారణం. చూపుకు పాతబడినట్లు కనిపించినా, ఈ నష్టం పైపొరకే పరిమితం. అసలు నష్టం నేలమట్టం వద్ద జరుగుతుంది. చెక్కను కుళ్ళబెట్టే శిలీంధ్రాలకు తేమ, గాలి రెండూ అవసరం. చెక్కలో తేమ 20 శాతానికి లోబడి ఉంటే అవి పెరగలేవు. సుమారు 30 శాతం దాటితే విజృంభిస్తాయి. లోతు మట్టిలో గాలి తక్కువ, నేలపైన తేమ తక్కువ. రెండూ కలిసేది నేలమట్టానికి కాస్త పైన, జానెడు కింద. ఈ ప్రాంతంలో నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండింటి వర్షమూ పడుతుంది కనుక కర్ర మొదలు ఆరే వ్యవధి తక్కువ. బిందు సేద్యపు డ్రిప్పరు కర్ర పక్కనే ఉన్నా, మల్చింగ్ షీటు కర్రను ఆనుకొని ఉన్నా వేసవిలో సైతం అక్కడి మట్టి తడిగానే ఉంటుంది. ఎర్ర నేలల్లో చెదలు దీనికి తోడవుతాయి. సరిగా చివకని పశువుల ఎరువు, పంట మోళ్ళు చెదలను కర్రల దాకా రప్పిస్తాయి.

కుళ్ళు కొద్దిగానే ఉందన్న అంచనా ఇక్కడ మోసం చేస్తుంది. గుండ్రటి కర్ర వంపును తట్టుకొనే శక్తి దాని వ్యాసపు ఘనానికి అనులోమంగా ఉంటుంది. 5 సెంటీమీటర్ల కర్ర చుట్టూ 5 మిల్లీమీటర్ల మేర కుళ్ళితే మిగిలే గట్టి చెక్క 4 సెంటీమీటర్లు. మిగిలే బలం 51 శాతమే. కాయల బరువు గరిష్ఠంగా ఉన్న వారంలో గాలివాన వస్తే వరుస మొత్తం ఒరగడానికి అది చాలు. నేలను తాకిన కాయలు కుళ్ళు తెగులుకు గురవుతాయి. అందువలన కర్రలను తిరిగి వాడే ముందు మొదలు వద్ద కత్తి మొనతో గుచ్చి చూడడం విస్తరణ సిబ్బంది తప్పక నేర్పవలసిన పరీక్ష.

సరుగుడు, నీలగిరి, వెదురు మూడూ వాడుకలో ఉన్నవే. లేత సరుగుడు, నీలగిరి కర్రల్లో చేవ తక్కువ, రసదారువు ఎక్కువ. రసదారువుకు ఏ జాతిలోనూ సహజ మన్నిక ఉండదు. వెదురులోని పిండిపదార్థం పుచ్చు పురుగును ఆకర్షిస్తుంది. శుద్ధి చేయని వెదురు నేలలో ఒకటి నుండి మూడేళ్ళకు మించి నిలవదు. బెరడు తేమను పట్టి ఉంచి పురుగుకు ఆశ్రయమిస్తుంది కనుక ఒలిచి, నీడలో ఆరబెట్టిన తరువాతే పాతాలి.

వాడిన ఇంజను ఆయిలు పూయడం, మొదలు కాల్చడం రైతులలో ప్రచారంలో ఉన్న ఉపాయాలు. మొదటిది లోపలికి ఇంకదు, పైగా కూరగాయల మట్టిని కలుషితం చేస్తుంది. రెండవది పైపైన చేస్తే ప్రయోజనం స్వల్పం; లోతుగా చేస్తే సన్నని కర్ర బలమే తగ్గుతుంది. బోరాక్స్, బోరిక్ ఆమ్లాల ద్రావణం పుచ్చు పురుగును అరికడుతుంది గాని, నేలలో పాతిన కర్ర నుండి వాన నీటికి కొట్టుకుపోతుంది. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ మిశ్రమం బాగా మన్నుతుంది. అయితే ఆర్సెనిక్ కారణంగా అమెరికాలో గృహావసరాల కలపకు దాని వాడకాన్ని 2003 చివరితో విరమించారు. టమాట చేనుకు దానిని సిఫారసు చేయడం తగదు.

కాబట్టి చిన్న రైతుకు అందుబాటులో ఉన్న మార్గం నిర్వహణే. పంట ముగిసిన వెంటనే కర్రలను పెరికి, మట్టి దులిపి, రాళ్ళపై ఎత్తుగా, గాలి ఆడేలా నీడలో పేర్చాలి. తదుపరి పంటకు కర్రను తలకిందులు చేసి పాతితే పాత నేలమట్టపు భాగం, వంపు ఒత్తిడి తక్కువగా ఉండే పైభాగానికి చేరుతుంది. చాలా చోట్ల కర్రలు బీడు నెలల్లోనూ చేనులోనే నిలిచి ఉంటాయి. ఈ ఒక్క అలవాటు మానితే పురుగుమందు ఖర్చు లేకుండానే ఆయువు పెరుగుతుంది. తెగులు సోకిన చేని కర్రలపై బాక్టీరియా క్యాంకర్ కారకం బ్రతికి ఉండగలదు. వాటిని శుభ్రంగా కడిగి, సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ముంచిన తరువాతే వాడాలి. గరుకు చెక్క పగుళ్ళలోకి ద్రావణం పూర్తిగా చేరదు గనుక అలాంటి కర్రలను టమాటేతర పంటలకు మళ్ళించడం మేలు.

వరుస చివరి స్తంభాలపై తీగ లాగుడు మొత్తం పడుతుంది. కుప్పం పరిసరాల్లో గ్రానైటు దొరుకుతుంది కనుక అక్కడ రాతి కూసాలు నాటుకొని, కర్రలను నడిమి ఊతలకే వాడుకోవచ్చు.