చల్లపల్లి కోటా, చౌమహల్లానా?

ప్రశ్న: పిల్లలకు రాజుల కోట ఒకటి లోపలికి తీసుకెళ్లి చూపించాలి. దగ్గర్లోని చల్లపల్లి కోట సరిపోతుందా, హైదరాబాద్ వెళ్లాలా?
– ఓ పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: చల్లపల్లి కోట యార్లగడ్డ జమీందార్లది. టికెట్ కొని తిరిగే మ్యూజియం కాదు కాబట్టి అనుమతి లేకుండా లోపలికి వెళ్లకండి. గదిగదీ చూడాలంటే హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కే వెళ్లండి. చార్మినార్ నుంచి నడిచి వెళ్లేంత దూరం.

ఆ ప్యాలెస్‌కు 18వ శతాబ్దంలో శ్రీకారం చుట్టినవాడు నిజాం వంశపు పాలకుడు సలాబత్ జంగ్. 1759లో ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివారి నుంచి బందరు కోట పట్టుకున్నాక, ఒప్పందం చేసుకుని మీ ఊరిని వాళ్లకు వదిలేసిందీ ఆయనే. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పండి, చూసేటప్పుడు ఆసక్తి పెరుగుతుంది.

ఖిల్వత్ దర్బారు హాల్లోని 19 షాండ్లియర్లు, నిజాముల పాత కార్లు, గడియార స్తంభం తప్పక చూపించండి. తీరిగ్గా చూడ్డానికి మూడు గంటలైనా పడుతుంది. హైదరాబాద్‌లోని మరో ప్యాలెస్, 1893 నాటి ఫలక్‌నుమా, ఇప్పుడు హోటల్. ముందస్తు బుకింగ్ లేకుండా వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు.

బందరు నుంచి బీదర్ వెళ్లే రాత్రి రైలెక్కితే పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగొచ్చు. శుక్రవారం చౌమహల్లాకు సెలవు. గురువారం రాత్రి మాత్రం బయల్దేరకండి.