పది గుంటల కూరగాయల తోటకు అడవి పందులు దూరని కంచె: తక్కువ ఖర్చులో ఎలా వేసుకోవాలి?



ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం వైపు కూరగాయలు పెట్టే రైతును పంటకు ఏం బాధ అని అడగండి. పురుగు కంటే ముందు అడవి పంది పేరే చెప్తాడు. రాచకొండ గుట్టలు దగ్గర, మధ్యలో తుప్పలు, బీడు భూములు. పొద్దున సరూర్‌నగర్ రైతుబజారుకో, వనస్థలిపురానికో తీసుకుపోదామనుకున్న పంట రాత్రికి రాత్రే పోతుంది. సహజ సాగు చేసేవాళ్ళకు ఇంకో తిప్పలు కూడా ఉంది. జీవామృతం పోసి, ఆచ్ఛాదన వేసిన మడిలో తేమ ఉంటుంది, వానపాములు ఎక్కువుంటాయి. పంది గడ్డల కోసమే కాదు, ఆ వానపాముల కోసం కూడా మట్టిని తిరగేస్తుంది.

ముందుగా ఒక మాట. ఉన్న భూమంతటికీ కంచె వేయాలని చూడకండి. అక్కడే చాలామంది డబ్బు సరిపోక సగంలో ఆపేస్తారు. సగం కంచె ఉన్నా లేనట్టే.

లెక్క చూడండి. ఎకరం నలుచదరంగా ఉంటే చుట్టుకొలత దాదాపు 835 అడుగులు. 10 గుంటలు 105 అడుగుల నలుచదరంగా తీసుకుంటే 420 అడుగులే, అంటే సగం. గుంట చొప్పున చూస్తే చిన్న తోటకే ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ చేతిలో ఉన్న డబ్బుతో పని పూర్తవుతుంది. అదే 10 గుంటలు 50 అడుగుల వెడల్పు, 218 అడుగుల పొడవు పట్టీలా తీసుకుంటే 536 అడుగులు అవుతుంది. భూమి అంతే, కంచె మాత్రం 116 అడుగులు ఎక్కువ. అందుకే వీలైనంత వరకు నలుచదరంగానే కొలుచుకోండి. టమాట, బీర, చిక్కుడు, ఆకుకూరలు, చిలగడదుంప లాంటివి లోపల. ఆముదం, కంది బయట.

ఇక సామాను. మన దగ్గర రాతి కడీలు దొరుకుతాయి, చెదలు పట్టవు, కాబట్టి ఇనుప పైపుల జోలికి పోనక్కర్లేదు. 7 అడుగుల కడీ, 2 అడుగులు భూమిలోకి, 5 అడుగులు పైకి. పది అడుగులకొకటి చొప్పున 42 కడీలు. నాలుగు మూలల్లో రెండేసి, గేటు దగ్గర రెండు, మొత్తం పది కడీలు ఊతంగా ఏటవాలుగా పెట్టాలి. మూల కడీకి ఊతం లేకపోతే తీగ లాగినప్పుడు అది లోపలికి వాలిపోతుంది, తర్వాత జాలీ అంతా వదులు. గేటుకు పది అడుగులు వదిలితే 410 అడుగుల జాలీ కావాలి. 4 అడుగుల ఎత్తున్న చైన్ లింక్ జాలీ చాలు. జాలీ తూకం మీద అమ్ముతారు కాబట్టి గేజీ అడిగి, రెండు మూడు షాపుల్లో ధర కనుక్కుని తీసుకోండి.

ఈ కంచెలో అసలు కిటుకు కింద ఉంది. పంది పైనుంచి దూకడం కంటే కిందినుంచి మూతితో ఎత్తి, తవ్వి దూరడానికే చూస్తుంది. అందుకే 4 అడుగుల జాలీలో 3 అడుగులు నిలబెట్టి, మిగిలిన అడుగు బయటివైపు నేల మీదికి మడవాలి. లోపలికి కాదు, బయటికే. మడిచిన అంచు మీద రాళ్ళు పెట్టి మట్టి కప్పేయాలి. పంది కంచె మొదట్లో తవ్వబోతే జాలీ మీదే నిలబడి తవ్వుతుంది, పని జరగదు. గడ్డి మొలిచి వేళ్ళు జాలీని పట్టేస్తే ఇంకా గట్టి. 3 అడుగుల పైన మూడు వరుసల ముళ్ళ తీగ లాగితే సరి, దానికి 1,230 అడుగులు పడుతుంది.

కంచె బాగా వేసి కూడా రెండు చోట్ల మోసపోతారు. ఒకటి గేటు కింద సందు. అక్కడ బండరాయి గడప పాతండి. రెండోది వాన నీళ్ళు బయటికి పోయే కాలువ. కాలువ దగ్గర జాలీ గాల్లో తేలుతుంది, పందికి అదే దర్వాజా. అక్కడ సిమెంటు పైపు వేసి నీళ్ళు పంపండి, లేదంటే ఇనుప చువ్వలు దగ్గర దగ్గరగా దిగ్గొట్టండి.

కంచెకు డబ్బు కూడేదాకా పాత చీరలు కడతారు, క్షౌరశాలల నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లుతారు. పంది వాసన చూస్తూ నడిచే జంతువు కాబట్టి వెంట్రుకలు ముక్కులోకి పోయి ఇబ్బంది పడుతుంది. వాన పడితే మళ్ళీ చల్లాలి. చీరలకు కొన్నాళ్ళకు అలవాటు పడిపోతాయి. పంట చుట్టూ నాలుగు వరుసల ఆముదం వేయడం కూడా పనికొచ్చే పద్ధతే.

కరెంటు తీగ మాత్రం వద్దు. స్తంభం నుంచో, మోటరు దగ్గర నుంచో నేరుగా తీగ లాగడం నేరం. 230 వోల్టుల కరెంటు ఆగకుండా పారుతుంది, పట్టుకున్నవాడు వదిలించుకోలేడు. ఆ తీగ తగిలి సొంత రైతులు, పక్క పొలం కూలీలు, బర్రెలు చనిపోయిన వార్తలు తెలంగాణలో ఏటా చదువుతూనే ఉన్నాం. సోలార్ కంచె వేరు. అందులో ఎనర్జైజర్ నుంచి సెకనుకు ఒకసారి అతి చిన్న దెబ్బ వస్తుంది. జంతువు బెదిరి పోతుంది, చావదు. అయితే గడ్డి పెరిగి తీగకు తగిలితే కరెంటు భూమిలోకి పోతుంది, కాబట్టి కింద కోస్తూ ఉండాలి. అడవి పందిని అనుమతి లేకుండా చంపడం కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే, గుర్తుంచుకోండి.

కోతులకు, నెమళ్ళకు ఈ కంచె అడ్డు కాదు. కోతులు జాలీ ఎక్కేస్తాయి. వాటి బెడద ఉన్నవాళ్ళు అంచు మడుల్లో పసుపు, అల్లం, కంద, చేమ వేసుకుంటే నష్టం తగ్గుతుంది. నెమలి నారును పొడుస్తుంది. నారుమడి వరకు పాత చేపల వల కప్పండి, లేదా మెరిసే రిబ్బన్ రెండు మూడు మెలికలు తిప్పి కడితే గాలికి చప్పుడు చేస్తుంది.

జాలీ వేసిన ఏడాదే జూన్ వానలకు దాని పక్కన వాక్కాయ మొక్కలు రెండు వరుసలు, రెండడుగుల దూరంలో ఎదురెదురు కాకుండా నాటండి. మధ్యమధ్య గోరింట, గచ్చకాయ వేయొచ్చు. కడీలకు కడీలకు మధ్య గ్లైరిసిడియా కొమ్మలు గుచ్చితే అవే బతికిన గుంజలవుతాయి, రొట్ట ఆచ్ఛాదనకు వస్తుంది. రెండు మూడేళ్ళకు వాక్కాయ ముళ్ళు కలుసుకుంటాయి, కాయలు పచ్చడికి, పప్పుకు అమ్ముడుపోతాయి. అప్పటిదాకా వారానికోసారి కంచె చుట్టూ తిరిగి, కొత్తగా తవ్విన గుర్తులున్న చోట రెండు రాళ్ళు ఎక్కువ పెట్టండి. ఒకసారి సందు దొరికిన చోటికి పందులు మళ్ళీ వస్తాయి.